పాఠకుల ప్రశ్నలు: ‘హెలిష్ క్రాస్‌ఫైర్’ విన్నారా?

ప్రశ్న: సార్, జర్మన్ హెవీ మెటల్ రాక్ సంగీతం అంటే ఎవరిని అడిగినా హెలోవీన్, క్రియేటర్, సోడమ్, డిస్ట్రక్షన్ పేర్లే చెప్తున్నారు. అవన్నీ విన్నాను. ఎవరూ పెద్దగా పట్టించుకోని పాత స్పీడ్ మెటల్ ఆల్బమ్ ఒక్కటి చెప్పండి. దయచేసి పెద్ద జాబితా ఇవ్వకండి.

జవాబు: ఐరన్ ఏంజెల్ వాళ్ళ ‘హెలిష్ క్రాస్‌ఫైర్’. 1985లో స్టీమ్‌హామర్ లేబుల్ మీద వచ్చింది. ఇక జాబితా ఊసెత్తను.

వీళ్ళది హాంబర్గ్. హెలోవీన్, రన్నింగ్ వైల్డ్ కూడా ఆ ఊరి వాళ్ళే కాబట్టి పోటీ ఇంటి పక్కనే ఉందన్నమాట. పాడింది డిర్క్ ష్రోడర్, గిటార్లు పీటర్ విట్‌కే, స్వెన్ స్ట్రూవెన్, డ్రమ్స్ మైక్ మాథెస్. మొత్తం పది పాటలు. ‘ది మెటాలియన్’తో మొదలై ‘హెవీ మెటల్ సోల్జర్స్’తో అయిపోతుంది. ఈ రెండు పేర్లు చూస్తే చాలు, వాళ్ళ వయసెంతో, ఉత్సాహమెంతో తెలిసిపోతుంది.

ఇందులో నాకు నచ్చేది ఆ ఏడాదే. 1985 నాటికి జర్మనీలో వేగంగా వాయించే కుర్రాళ్ళు తాము ఏ గుంపులో చేరాలో ఇంకా తేల్చుకోలేదు. ఈ ఆల్బమ్‌లో రెండు గిటార్లు కలిసి వాయించే మెలోడీలు వింటే ఇంగ్లండ్ హెవీ మెటల్ బ్యాండ్లు జూడాస్ ప్రీస్ట్, ఐరన్ మెయిడెన్ గుర్తొస్తారు. ఆ కరకుదనం, ఆ దయ్యాల గోల మాత్రం వెనమ్ అనే మరో ఇంగ్లండ్ బ్యాండ్ నుంచి వచ్చినవి. ష్రోడర్ బొంగురు గొంతుతో అరుస్తూ ఉండి, ఉన్నట్టుండి సన్నటి కేక పెట్టి పైకి లేస్తాడు. ఈ రెండూ ఒకే గొంతులో, ఒకే పాటలో వినపడటం తర్వాత కాలంలో తగ్గిపోయింది. అరిచేవాళ్ళు అరవడానికే, పాడేవాళ్ళు పాడటానికే పరిమితమైపోయారు.

మరి ఎందుకు మరుగున పడింది? దారులు విడిపోయాయి. 1986లో క్రియేటర్ ‘ప్లెజర్ టు కిల్’ తెచ్చింది. అమెరికా నుంచి స్లేయర్ ‘రెయిన్ ఇన్ బ్లడ్’ వచ్చింది. మోటుగా, మరింత కోపంగా వాయించే వాళ్ళంతా అటు, అంటే త్రాష్ వైపు వెళ్ళారు. 1987లో హెలోవీన్ ‘కీపర్ ఆఫ్ ద సెవెన్ కీస్’ మొదటి భాగం వచ్చేసరికి రాగం కావాలనుకున్నవాళ్ళు ఇటు, అంటే పవర్ మెటల్ వైపు వచ్చారు. చరిత్ర రాసేవాళ్ళు కూడా ఈ రెండు దారులనే రాసుకుంటూ పోయారు. మధ్యలో నిలబడ్డ ఐరన్ ఏంజెల్‌ని త్రాష్ అభిమానులు తమవాళ్ళనుకోలేదు, పవర్ మెటల్ అభిమానులూ అనుకోలేదు. బ్యాండ్ కూడా తనవంతు సాయం చేసింది లెండి. 1986లో వచ్చిన రెండో ఆల్బమ్ ‘విండ్స్ ఆఫ్ వార్’ బాగా నునుపెక్కిన హెవీ మెటల్. అది చెడ్డదనను. కానీ మొదటిది విని పిచ్చెక్కినవాడు దాన్ని పట్టుకుని ఏం చేసుకోవాలి? తర్వాత చాలా ఏళ్ళు బ్యాండ్ చప్పుడే లేదు. 2018లో ‘హెల్‌బౌండ్’ అని కొత్త ఆల్బమ్ తెచ్చారు. గొంతు ష్రోడర్‌దే, వాయించేవాళ్ళు కొత్తవాళ్ళు.

లోపాలు లేవని కాదు. వరసగా వింటే రెండు మూడు పాటలు కలిసిపోతాయి, బేస్ గిటార్‌ని వెతుక్కోవాలి. అయినా ‘సిన్నర్ 666’, ‘లీజియన్స్ ఆఫ్ ఈవిల్’ విని నా మీద కోపమొస్తే ఉత్తరం రాయండి, తిట్లు కూడా అచ్చేయిస్తాను.

ప్రశ్న: స్పీడ్ మెటల్‌కీ త్రాష్‌కీ నిజంగా తేడా ఉందా? నా చెవికి రెండూ ఒకటే గోల.

జవాబు: ఉంది. నేను డ్రమ్స్ వాయించేవాణ్ణి కాబట్టి గిటార్ సంగతి పక్కన పెట్టి కాళ్ళ సంగతి చెప్తాను.

ఇంగ్లండ్ బ్యాండ్ మోటర్‌హెడ్ 1979లో ‘ఓవర్‌కిల్’ పాట చేసింది. అందులో డ్రమ్మర్ ఫిల్ టేలర్ రెండు బేస్ డ్రమ్ములని రెండు కాళ్ళతో ఆపకుండా పరిగెత్తించాడు. 1982లో జర్మనీలోని జోలింగెన్ నుంచి ఆక్సెప్ట్ బ్యాండ్ ‘ఫాస్ట్ యాజ్ ఎ షార్క్’ తెచ్చింది. గీతలు పడ్డ పాత రికార్డు మీద ఒక జర్మన్ జానపద పాట హాయిగా సాగుతుంటుంది. అది విని ఇదేంటనుకునేలోపు గాయకుడు ఊడో డిర్క్‌ష్నైడర్ కేక, వెనకే డ్రమ్ముల వాన. చాలామంది జర్మన్ స్పీడ్ మెటల్ కథని ఈ పాట నుంచే మొదలుపెడతారు, నేనూ కాదనను. ఇక్కడ కాళ్ళు కింద దడదడమంటూ ఉంటాయి, పైన పాట మాత్రం పాతకాలపు హెవీ మెటల్ లాగే రాగం, కోరస్, సోలో అంటూ నడుస్తుంది. వేగం పెరిగినా పాట కట్టుబడి మారలేదు. దీన్నే స్పీడ్ మెటల్ అంటాం.

త్రాష్‌లో కట్టుబడే మారిపోయింది. బేస్ డ్రమ్, స్నేర్ (కర్రతో కొట్టే చిన్న డ్రమ్) ఒకదాని వెంట ఒకటి ‘దప్-టక్ దప్-టక్’ అని పోట్లాడుకుంటాయి. ఈ పద్ధతి హార్డ్‌కోర్ పంక్ నుంచి వచ్చింది. గిటార్ రిఫ్ (మళ్ళీ మళ్ళీ వచ్చే చిన్న ముక్క) రాగం కోసం కాదు, కొట్టడం కోసం. మధ్యలో వేగం ఒక్కసారిగా సగానికి పడిపోతుంది, కింద నిలబడ్డ జనం తోసుకోవడం మొదలుపెడతారు. ‘హెలిష్ క్రాస్‌ఫైర్’లో ఈ రెండు రకాలూ ఉన్నాయి. ఏది ఎక్కడ వస్తుందో పట్టుకోండి, తేడా మీకే తెలుస్తుంది. చేతులతో తొడ మీద వాయిస్తూ వింటే ఇంకా త్వరగా తెలుస్తుంది. పక్కన ఎవరూ లేనప్పుడు చేయడం మంచిది.

ప్రశ్న: మీరు మెచ్చుకునే ఈ పాటల్లో అన్నీ సాతాను, నరకం, పూజలు. మా అబ్బాయి రోజంతా ఇవే వింటున్నాడు. నాకు టెన్షన్‌గా ఉంది.

జవాబు: అమ్మా, మీ టెన్షన్ అర్థమవుతుంది. వెనమ్ అనే ఇంగ్లండ్ బ్యాండ్ 1981లో మొదటి ఆల్బమ్‌తో ఈ సాతాను వేషం కట్టింది. అది చూసి జర్మనీ కుర్రాళ్ళు కూడా తోలు జాకెట్లు, మేకుల పట్టీలు తగిలించుకుని అదే పాట అందుకున్నారు. నాటకంలో రాక్షస వేషం వేసినవాడు రాక్షసుడైపోతాడా? ఐరన్ ఏంజెల్ వాళ్ళే ఒక్క ఏడాదిలో సాతానుని చాలావరకు వదిలేశారు. మీ అబ్బాయి నిద్ర, చదువు సరిగ్గా ఉంటే వదిలేయండి. వాల్యూమ్ గురించి మాత్రం గట్టిగా చెప్పండి, చెవులు పాడైతే మళ్ళీ రావు.

ప్రశ్న: పాత ఎల్‌పీ కొనాలా, కొత్త రీమాస్టర్ సీడీ చాలా?

జవాబు: పాట వినడానికైతే ఏదైనా చాలు. ముందు విని, నచ్చితే కొనండి. కొనేటప్పుడు ఒక సంగతి చూసుకోండి. పాత రికార్డింగ్‌ని సరిదిద్ది రీమాస్టర్ చేసేవాళ్ళు చాలాసార్లు మొత్తం శబ్దాన్ని పైకి తోసేస్తారు. అప్పుడు మెల్లగా ఉండాల్సిందీ గట్టిగానే వినపడుతుంది, స్నేర్ దెబ్బకి పదును పోతుంది. ఇలాంటి సంగీతానికి అది పెద్ద నష్టం, ఎందుకంటే ఇందులో ముప్పాతిక వంతు ఆ దెబ్బే. అలాగని ఎల్‌పీ దేవుడిచ్చిన వరమేం కాదు. పళ్ళెం మధ్యకి వచ్చేకొద్దీ ఒక్కో చుట్టు చిన్నదవుతుంది, అదే సెకను శబ్దం తక్కువ చోటులో ఇరుక్కోవాలి. అందుకే ప్రతి వైపూ చివరి పాటలో డ్రమ్స్ తాళాల (సింబల్స్) శబ్దం గరగరమంటుంది. వాడిన ఎల్‌పీ కొంటే ఆ చివరి పాటే ముందు పెట్టి వినండి. అమ్మేవాడు మొదటి పాటే వినిపిస్తాడు.

ప్రశ్న: వారెంట్ బ్యాండ్ ‘ది ఎన్‌ఫోర్సర్’ వినమని ఒక స్నేహితుడు చెప్పాడు. వెతికితే జుట్టు దువ్వుకున్న అమెరికా వాళ్ళు వస్తున్నారు. వీళ్ళేనా?

జవాబు: కాదు. మీ స్నేహితుడు చెప్పింది డ్యూసెల్‌డార్ఫ్ వారెంట్ గురించి. ముగ్గురే మనుషులు. ‘ది ఎన్‌ఫోర్సర్’ 1985లో బెర్లిన్‌లోని నాయిజ్ రికార్డ్స్ తెచ్చింది. కొన్నేళ్ళకి అదే పేరున్న అమెరికా బ్యాండ్ బాగా పేరు తెచ్చుకోవడంతో వీళ్ళు వెనక్కి పోయారు. బ్యాండ్ పేరుతో వెతక్కండి, ఆల్బమ్ పేరు, 1985 కలిపి వెతకండి. అట్ట మీద ముసుగు వేసుకున్న తలారి కనిపిస్తే అదే.