నాన్న పని గురించి ఫ్రెండ్స్‌కి అబద్ధం చెప్పాను

మేడమ్, నేను విజయవాడలో బీటెక్ కంప్యూటర్ సైన్స్ మూడో సంవత్సరం చదువుతున్నాను. మాది గుంటూరు. పటమటలో రూమ్ తీసుకుని నలుగురం ఉంటున్నాం. మా నాన్న మిర్చి యార్డులో ముఠా కూలీ. మొదటి ఏడాది అందరూ వాళ్ళ ఇళ్ళ గురించి చెప్పుకుంటుంటే, మా నాన్న కమీషన్ షాపులో గుమస్తా అనేశాను.

మా గ్యాంగ్ అంటే నాకు ప్రాణం. అర్ధరాత్రి బ్యారేజీ దగ్గర టీ, తెల్లవారుజామున కొండపల్లి కోట, పరీక్షల ముందు రోజు ఉండవల్లి గుహలు, ఇలా చేయని సాహసం లేదు. 2024 సెప్టెంబరులో బుడమేరు పొంగినప్పుడు సింగ్ నగర్‌లో నడుము లోతు నీళ్ళలో పాల ప్యాకెట్లు, వాటర్ కేసులు మోశాం. అందరికంటే ఎక్కువ నేనే మోశాను.

పోయిన సీజన్లో మా వాడొకడు వాళ్ళ బాబాయి కాయలు అమ్ముతుంటే తోడుగా యార్డుకు వెళ్ళాడు. మా నాన్న అక్కడ టిక్కీలు మోస్తున్నారు. ఫొటోల్లో చూసిన ముఖం కదా, నాన్నే వాణ్ణి గుర్తుపట్టి పిలిచి మజ్జిగ ఇప్పించారట. అలా పట్టుబడిపోయాను. ఆ రోజు నుంచి నా పేరు టిక్కీ. క్లాసులో, క్యాంటీన్లో, అమ్మాయిల ముందు అదే పిలుపు. రూమ్మేట్ కూడా అలాగే పిలుస్తాడు. నేను నవ్వేస్తుంటాను. కార్తీక మాసంలో ఇబ్రహీంపట్నం వైపు కృష్ణలో స్నానానికి వెళ్ళాం. నాకు ఈత రాదు. 'టిక్కీ తేలుతుందా, మునుగుతుందా?' అన్నాడు ఆ పేరు పెట్టినవాడు. దిగాను. గుంతలో పడ్డాను. రూమ్మేట్ జుట్టు పట్టుకుని లాగాడు.

వచ్చే నెల మా అక్క నిశ్చితార్థం. గ్యాంగంతా వస్తామంటున్నారు. నాన్న ముందు ఆ పేరుతో పిలిస్తే? తేదీ మారిందని చెప్పాలా? అసలు వీళ్ళను వదిలేయాలా? రాత్రిళ్ళు నిద్ర పట్టడం లేదు.

– పేరు వేయవద్దు, విజయవాడ

బాబూ,

ముందు కృష్ణ సంగతి మాట్లాడుకుందాం. ఈత రాని నువ్వు ఒకడు వేళాకోళం ఆడాడని నదిలో దిగావు. ఆ విషయం నాలుగు ముక్కల్లో రాసేసి అక్క నిశ్చితార్థంలోకి వెళ్ళిపోయావు. నేను మాత్రం అక్కడే ఆగిపోయాను. ఏటి అడుగు అంతటా ఒకేలా ఉండదు. ఇసుక తవ్విన చోట మోకాలి లోతు నీళ్ళ పక్కనే నిలువెత్తు గుంత ఉంటుంది, పైనుంచి చూస్తే తెలియదు. అలాంటి గుంతలో కొడుకును పోగొట్టుకున్న ఒక తల్లి నా ఎదురుగా కూర్చుని, పిల్లవాడి చెప్పుల జత ఒళ్ళో పెట్టుకుని, గంటసేపు ఒక్క మాట మాట్లాడలేదు. నీ ఉత్తరం చదువుతుంటే ఆ చెప్పులే గుర్తొచ్చాయి. ఈత నేర్చుకునేదాకా నదిలో దిగకు. 'నాకు ఈత రాదు, నేను దిగను' అని చెప్పి గట్టు మీద అందరి ఫోన్లకూ బట్టలకూ కాపలా కూర్చో. ఎవరేమన్నా సరే, ఈ ఒక్క విషయంలో నాకు మాటివ్వు.

ఇక పేరు సంగతి. తెలియనివాళ్ళ కోసం చెబుతున్నాను, గుంటూరు యార్డులో మిరపకాయల బస్తాను టిక్కీ అంటారు. నేను పుట్టి పెరిగింది గుంటూరు బ్రాడీపేటలో. సీజన్లో బస్సు యార్డు దరిదాపులకు రాగానే లోపల అందరికీ దగ్గు, తుమ్ములు. ఐదు నిమిషాలకే కళ్ళు మండిపోయేవి. మీ నాన్న రోజంతా ఆ ఘాటులోనే ఊపిరి పీల్చుకుంటారు. ముక్కుకు తువ్వాలు కట్టుకుని, 40 కిలోలకు తగ్గని టిక్కీని కొక్కెంతో లాగి వీపు మీదికెత్తుకుని కాటా దగ్గరికి, అక్కణ్ణుంచి లారీకి. నీ కాలేజీ ఫీజు, పటమట రూమ్ అద్దె ఆ వీపు మీది నుంచే వచ్చాయి. ఇదంతా నీకు తెలియదని కాదు. తెలుసు కాబట్టే నిద్ర పట్టడం లేదు.

గుమస్తా అని చెప్పినందుకు నిన్ను తిట్టను. కొత్త కాలేజీ, కొత్త ముఖాలు, ఒకడి నాన్న ఇంజనీరు, ఇంకొకడి నాన్నకు సొంత షాపు. నీ నోటికి ఒక మెట్టు పైమాట వచ్చింది. ఆ అబద్ధం కూడా పాపం యార్డు గేటు దాటలేదు. పద్దెనిమిదేళ్ళ పిల్లవాడు ఒక్క క్షణంలో అనేసిన మాట అది. కానీ ఆ తర్వాత ఎన్నోసార్లు సరిదిద్దుకునే అవకాశం వచ్చి ఉంటుంది, ప్రతిసారీ దాటేసి ఉంటావు. ఇప్పుడు బాధపెడుతున్నది అదే. 'టిక్కీ' అని వాళ్ళు పిలిచినప్పుడల్లా నీ అబద్ధమే నీకు వినిపిస్తోంది.

నీ ఉత్తరంలో ఒక మాట కోసం నేను రెండుసార్లు వెనక్కి వెళ్ళి చదివాను. మజ్జిగ. ఒళ్ళంతా చెమట, చేతులకు కారం, నెత్తిన పని. అంత పనిలోనూ కొడుకు ఫోన్లో చూసిన ముఖాన్ని గుర్తుపట్టి, తనే పిలిచి, ఆ పిల్లవాడికి చల్లగా మజ్జిగ ఇప్పించారు మీ నాన్న. టిక్కీల చాటుకు తప్పుకోలేదు. నువ్వు దాన్ని 'పట్టుబడిపోయాను' అని రాశావు. ఆయన మటుకు కొడుకు ఫ్రెండు కనిపించాడని సంతోషపడ్డారు. వాళ్ళిద్దరూ ఏం మాట్లాడుకున్నారో నువ్వు వాణ్ణీ అడగలేదు, నాన్ననూ అడగలేదు. నాన్న నీతో ఆ మాట ఎత్తారో లేదో కూడా రాయలేదు. ఎత్తకపోతే, గుమస్తా సంగతి ఆయన చెవిన పడిందేమో అని నాకు అనుమానం. అడిగితేనే తెలుస్తుంది.

మీరు అర్ధరాత్రి టీ తాగే బ్యారేజీ 1957లో పూర్తయింది. దానికి టంగుటూరి ప్రకాశం పంతులు గారి పేరు పెట్టారు. ఆయన చిన్నప్పుడే తండ్రి పోతే, తల్లి ఒంగోలులో పూటకూళ్ళ ఇల్లు నడిపి పిల్లల్ని పెంచింది. ఆ రోజుల్లో ఆ పని చేసేవాళ్ళంటే లోకువ. ఆయన బారిస్టరయ్యారు, 1953లో ఆంధ్ర రాష్ట్రానికి మొదటి ముఖ్యమంత్రి అయ్యారు. తల్లి పడ్డ కష్టాన్ని ఎవరో కనిపెట్టి చెప్పుకునేదాకా ఆగలేదు, తన జీవిత కథలో తనే రాసుకున్నారు. నువ్వూ ఆ పని చెయ్యి. ఇంకొకరు చెప్పకముందే నీ నోటితో నువ్వే చెప్పు.

ముందు రూమ్మేట్‌తో మొదలుపెట్టు. నీ జుట్టు పట్టుకుని ఒడ్డుకు లాగినవాడు వాడు. గ్రూపులో మెసేజ్ పెట్టకు. రాత్రి తిన్నాక మేడ మీదికి తీసుకెళ్ళి చెప్పు: 'ఒరేయ్, మా నాన్న గుమస్తా కాదు, ముఠా కూలీ. సిగ్గుపడి అబద్ధం చెప్పాను. తప్పు నాదే. కానీ ఆయన మోసే బస్తా పేరుతో నన్ను పిలుస్తుంటే తట్టుకోలేకపోతున్నానురా.' ఇంతే చాలు. నువ్వు నవ్వేస్తుంటే ఆ పేరు నీకూ సరదాగానే ఉందని వాడు అనుకుంటాడు. వాడు పిలిచే టిక్కీలో ప్రేమే ఉండొచ్చు. మన ఊళ్ళలో పొట్టోడు, నల్లోడు, బుజ్జి, బండోడు అని పిలుచుకుంటూనే ముసలివాళ్ళయిపోయిన స్నేహితులు ఎంతమంది లేరు! నువ్వు వద్దన్నాక మానేస్తాడా లేదా అన్నదే చూడు.

పేరు పెట్టినవాడితో కూడా ఒంటరిగానే మాట్లాడు. నలుగురి ముందు నిలదీస్తే పౌరుషానికి పోయి ఇంకా గట్టిగా పిలుస్తాడు. ఏటి గట్టున వాడన్న మాటకు నువ్వు ప్రాణం మీదికి తెచ్చుకున్నావని కూడా చెప్పు. ఆ సంగతి వాడికి ఈ వైపు నుంచి తట్టి ఉండకపోవచ్చు. అంతా విన్నాక కూడా అమ్మాయిల ముందు మళ్ళీ అదే పిలుపు పిలిస్తే, వాడొక్కడికే దూరంగా ఉండు. గ్యాంగంతా వదులుకోనక్కర్లేదు. శ్రుతి మించితే కాలేజీలో యాంటీ ర్యాగింగ్ కమిటీ ఉంటుంది. 2009 నాటి యూజీసీ నిబంధనలు ఫస్టియర్ వాళ్ళకే కాదు, ఏ విద్యార్థికైనా వర్తిస్తాయి. అంతదాకా రాదనే అనుకుంటున్నాను.

సింగ్ నగర్‌లో అందరికంటే ఎక్కువ నేనే మోశానని రాశావు. మీ గ్యాంగు ఊరంతా తిరిగిన కథలన్నిటిలో నాకు బాగా నచ్చింది ఇదే. బరువును భుజానికి ఎలా ఎత్తుకోవాలో, నీళ్ళలో తూలకుండా అడుగు ఎలా వేయాలో కంప్యూటర్ ల్యాబులో నేర్పరు కదా. మీ నాన్నను చూసి నేర్చుకున్నావు.

ఇప్పుడు నాన్నతో మాట్లాడాలి. నిశ్చితార్థం హడావిడిలో వద్దు. ఈలోగా యార్డుకు సెలవున్న రోజు చూసుకుని ఇంటికి వెళ్ళు. 'నాన్నా, కాలేజీలో నీ పని గురించి అబద్ధం చెప్పాను, ఇప్పుడు నిజం చెప్పేశాను' అని ఉన్నది ఉన్నట్టు చెప్పు. ఏడుపు వస్తే రానీ, కానీ ఆయనే నిన్ను ఓదార్చాల్సిన పరిస్థితి తేకు. ఆయనకు బాధ కలగొచ్చు. రెండు రోజులు ముభావంగా ఉన్నా ఓర్చుకో. తర్వాత ఆయన పని గురించి అడుగు. ముఠాలో ఎంతమంది, మేస్త్రి ఎవరు, ఏ రకం కాయకు ఘాటెక్కువ, నడుం ఎప్పటి నుంచి నొప్పి. ముఠాల్లో అసలు పేర్లతో పిలుచుకోవడం నేను పెద్దగా వినలేదు. మీ నాన్నకూ అక్కడ ఏదో ఒక పేరు ఉండే ఉంటుంది. అదీ అడుగు.

తేదీ మారిందని మాత్రం చెప్పకు. గుమస్తా అబద్ధం ఒక్కటే ఇంత దూరం తెచ్చింది. అందరినీ పిలువు. ముందు రోజే రమ్మని పనులు అప్పగించు, ఒకడికి కుర్చీలు, ఒకడికి మంచినీళ్ళు, ఇద్దరికి వడ్డన. ఆ రోజు ముఠా వాళ్ళంతా కుటుంబాలతో వస్తారు. బంతిలో వాళ్ళకు నువ్వు, నీ రూమ్మేట్ వడ్డించండి. పొరపాటున ఎవడైనా 'టిక్కీ' అని నోరు జారినా కంగారుపడకు. నువ్వు ముందే చెప్పి ఉంటావు కాబట్టి మీ నాన్నకు అది కొత్త మాటేమీ కాదు.

ఇదంతా అయ్యేలోపు నిద్ర పట్టకపోవడం రెండు వారాలు దాటినా, తినబుద్ధి కాకపోయినా, బతుకు మీదే విరక్తిగా అనిపించినా 14416కు ఫోన్ చెయ్యి. అది టెలీ మానస్, ప్రభుత్వం నడిపేది, ఉచితం. ఏ వేళప్పుడైనా తెలుగులోనే మాట్లాడొచ్చు.

నిశ్చితార్థం అయ్యాక నాకు మళ్ళీ ఉత్తరం రాయి. ముఠాలో మీ నాన్నను ఏమని పిలుస్తారో అందులో రాయడం మర్చిపోకు.