పెద్ద సంఖ్యల పిచ్చితో ఉద్యోగం వస్తుందా?

ప్రశ్న: మా అబ్బాయి డిగ్రీలో చేరబోతున్నాడు. కనిపించిన పెద్ద సంఖ్యనల్లా కారణాంకాలుగా విడగొడుతూ నోట్‌బుక్కులు నింపేస్తున్నాడు. మొన్న 123456789 పట్టుకుని ఒక పూటంతా కూర్చున్నాడు. ఈ పిచ్చి ఎందుకైనా పనికొస్తుందా? టెన్షన్‌గా ఉంది.

జవాబు: అమ్మా, ఆ సంఖ్యను ఎలా విడగొట్టాడో ముందు అడగండి. నేను చెప్పేది సగం దాని మీదే ఆధారపడి ఉంది.

అంకెల మొత్తం 45 కాబట్టి 9తో పోతుంది. మిగిలేది 13717421. ఇక వరసగా ప్రధాన సంఖ్యలతో భాగిస్తూ పోతే 3607 దాకా ఎక్కడా తెగదు. సుమారు 500 భాగహారాలు, పూట గడిచిపోవడం ఖాయం. సంఖ్యను రెండు వర్గాల తేడాగా రాసే ఫెర్మా (పాతకాలపు గణితవేత్త) పద్ధతిలో రెండే అడుగులు. వర్గమూలం కంటే కాస్త పెద్దది 3704. దాని వర్గంలోంచి మన సంఖ్య తీసేస్తే 2195, అది వర్గం కాదు. 3705తో చేస్తే 9604, అంటే 98 వర్గం. ఇక 3705కి 98 కలిపితే 3803, తీసేస్తే 3607. అయిపోయింది.

ఇంత సులువుగా ఎందుకు విడిపోయింది? రెండు కారణాంకాలూ దగ్గరదగ్గరగా ఉన్నాయి కాబట్టి. జీతం వచ్చేది ఈ ‘ఎందుకు’కే, భాగహారాలకు కాదు. అవి కంప్యూటర్ చేసుకుంటుంది. సమాచారాన్ని ఇతరులు చదవకుండా తాళం వేసే, 1977లో వచ్చిన ఆర్‌ఎస్‌ఏ పద్ధతి రెండు పెద్ద ప్రధాన సంఖ్యల లబ్ధం మీద నడుస్తుంది. 2048 బిట్ల (0, 1 అంకెల) కీలో, అంటే ఆ తాళంచెవిలో, ఆ లబ్ధానికి 617 అంకెలుంటాయి. అంత పెద్దదైనా, ఆ రెండూ మరీ దగ్గరగా ఉంటే ఇదే కిటుకుతో తాళం ఊడిపోతుంది. 2022లో కొన్ని ప్రింటర్ల కీలలో సరిగ్గా ఈ లోపమే దొరికింది. ఇలాంటివి వెతికిపట్టడమే క్రిప్టోగ్రఫీ (సమాచారాన్ని రహస్యంగా ఉంచే విద్య), సెక్యూరిటీ ఆడిట్ వాళ్ల పని.

కాబట్టి గణితం, కంప్యూటర్ సైన్స్ రెండూ ఉన్న కోర్సు చూడండి. సంఖ్యా సిద్ధాంతం (నంబర్ థియరీ) ఒక్కటే అంటే పీహెచ్‌డీ దాకా వెళ్లాలి, ఉద్యోగాలూ తక్కువే. ఈ మాట దాచను. పైథాన్ ప్రోగ్రామింగ్ ఇప్పుడే మొదలుపెట్టమనండి. లీనియర్ ఆల్జీబ్రాను మాత్రం తేలిగ్గా తీసుకోవద్దని చెప్పండి. తగినంత పెద్ద క్వాంటమ్ కంప్యూటర్ వస్తే కారణాంకాలు త్వరగా తీయొచ్చని 1994లోనే గణితవేత్త పీటర్ షోర్ చూపించారు. అంటే ఆర్‌ఎస్‌ఏ తాళం ఊడుతుంది. అందుకే 2024 ఆగస్టులో అమెరికా ప్రమాణాల సంస్థ నిస్ట్ కొత్త తాళాల పద్ధతులు ప్రకటించింది. వాటిలో ముఖ్యమైనవి లాటిస్‌ల (క్రమంగా పేర్చిన బిందువుల జాలకాల) మీద కట్టినవి, అక్కడ కావలసింది లీనియర్ ఆల్జీబ్రా లెక్కలే.

ఈలోగా అబ్బాయికి 4294967297 ఇవ్వండి. ఫెర్మా దీన్ని ప్రధాన సంఖ్యే అనుకున్నాడు. 1732లో ఆయిలర్ విడగొట్టి చూపించాడు. పైన చెప్పిన ఫెర్మా పద్ధతితో మొదలుపెడితే ఇది ఎంతకీ తెమలదు. ఎందుకో మీ అబ్బాయి ఏం చెబుతాడో నాకు రాయండి.