భర్త కోమాలో ఉంటే ఆయన ఆస్తిని వైద్యానికి వాడుకోవడం ఎలా?

ప్రశ్న: మాది విశాఖపట్నం, గాజువాక. నా భర్తకు హార్డ్‌వేర్ షాపు ఉంది. నాలుగు నెలల క్రితం అగనంపూడి దగ్గర లారీ ఢీకొని తలకు దెబ్బ తగిలింది. అప్పటి నుంచి కోమాలోనే ఉన్నారు. ఆరోగ్య బీమా సొమ్ము అయిపోయింది. ఆయన పేరున ఆనందపురంలో ఇంటి స్థలం, బ్యాంకులో ఎఫ్‌డీ, షాపు కరెంట్ అకౌంట్ ఉన్నాయి. నామినీని నేనే అయినా బ్యాంకు వారు డబ్బు ఇవ్వడం లేదు. ఆయన వేలిముద్ర వేయించి జనరల్ పవర్ ఆఫ్ అటార్నీ (ఆయన తరఫున వ్యవహరించే అధికారమిచ్చే పత్రం) రాయించుకుంటే స్థలం అమ్ముకోవచ్చని మా మరిది అంటున్నారు. అత్తగారు ఉన్నారు. అమ్మాయి డిగ్రీ, అబ్బాయి తొమ్మిదో తరగతి చదువుతున్నారు. నేనేం చేయాలి?

జవాబు: అమ్మా, ముందుగా వేలిముద్ర సంగతి చెబుతాను, ఎందుకంటే ఈ వారంలోనే మీరు ఆ పని చేసేస్తారేమోనని నా భయం. దయచేసి చేయకండి. మీ మరిది గారు చెడ్డ ఉద్దేశంతో అన్నారని నేను అనుకోవడం లేదు. ఆసుపత్రి బిల్లు చూసి కంగారుపడిన చాలా కుటుంబాల్లో మొదట తట్టే ఉపాయం ఇదే. కానీ తాను ఏ కాగితంపై ముద్ర వేస్తున్నారో తెలుసుకోలేని స్థితిలో ఉన్న మనిషి చేసిన ఒప్పందం 1872 నాటి కాంట్రాక్టు చట్టం ప్రకారం చెల్లదు. ఆ స్థితిలో ఉన్న మనిషి చేత ముద్ర వేయించడం భారతీయ న్యాయ సంహితలో తప్పుడు పత్రం సృష్టించడం కిందికి రావచ్చు. సబ్‌రిజిస్ట్రార్ ఆసుపత్రికే వచ్చినా, "ఈ దస్తావేజు మీరే రాసి ఇచ్చారా?" అని మంచం పక్కన నిలబడి ఆయననే అడగాలి. జవాబు చెప్పలేని మనిషి దస్తావేజును రిజిస్టరు చేయడానికి ఆ అధికారికి వీలు లేదు. ఎలాగో రిజిస్టరు చేయించినా, కొన్నవారు రేపు కోర్టుకు వెళితే ఆసుపత్రి కేస్‌షీట్ ఒక్కటే ఆ అమ్మకాన్ని కొట్టివేయించడానికి చాలు; అప్పటికి ఆ డబ్బు వైద్యానికి ఖర్చయిపోయి ఉంటుంది, తిరిగి ఇవ్వవలసినది మీరు. ఆయన ఆరోగ్యంగా ఉన్నప్పుడు ఎవరికైనా పవర్ ఆఫ్ అటార్నీ రాసి ఇచ్చి ఉన్నా, ఇప్పుడు దాని ఆధారంగా అమ్మడం క్షేమం కాదు. ఇచ్చినవారికి మతిస్థిమితం పోతే ఏజెన్సీ, అంటే వారి తరఫున వ్యవహరించే అధికారం, రద్దవుతుందని కాంట్రాక్టు చట్టం 201వ సెక్షన్ చెబుతోంది.

బ్యాంకు వారిపై మీకు కోపం రావడం సహజమే గానీ, ఈ విషయంలో వారు చెప్పింది సరైనదే. నామినీకి హక్కు ఖాతాదారు మరణించిన తర్వాతే వస్తుంది. చేతులు ఆడకపోయినా స్పృహలో ఉన్న ఖాతాదారు నుంచి సాక్షుల ఎదుట వేలిముద్ర తీసుకుని డబ్బు ఇచ్చే పద్ధతి బ్యాంకుల్లో ఉంది, కానీ అది కోమాలో ఉన్నవారికి వర్తించదు. ఏదైనా ఖాతా మీ ఇద్దరి పేరున "ఈదర్ ఆర్ సర్వైవర్" పద్ధతిలో ఉందేమో పాస్‌బుక్ తీసి చూడండి. ఉంటే అందులోని సొమ్ము మీ సంతకంతోనే తీసుకోవచ్చు. ఆయన ఫోన్‌లోని యూపీఐతోనో ఏటీఎం కార్డుతోనో ఇప్పటికే కొంత తీసి ఉంటే, ఇక ఆపి, ఆ డబ్బు దేనికి ఖర్చయిందో చూపే మందుల చీటీలు, ఆసుపత్రి రశీదులు తేదీలవారీగా దాచండి. కోర్టుకు మీరు ఇచ్చే ప్రమాణ పత్రంలో ఆ విషయాన్ని మీరే ముందుగా చెప్పాలి. మీ సొంత బంగారం స్త్రీధనం కాబట్టి, దాన్ని కుదువ పెట్టుకోవడానికి ఎవరి అనుమతీ అక్కర లేదు.

ఇక అసలు చిక్కు. మైనర్లకు గార్డియన్‌ను నియమించడానికి 1890 నాటి చట్టం ఉంది. ఆటిజం, సెరిబ్రల్ పాల్సీ వంటివి ఉన్నవారి కోసం 1999 నాటి నేషనల్ ట్రస్ట్ చట్టం ఉంది. 2017 నాటి మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టంలో నామినేటెడ్ ప్రతినిధి ఉన్నా, ఆ ప్రతినిధి పని చికిత్సకే పరిమితం, ఆస్తి జోలికి రాదు. కోమాలో ఉన్న వయోజనుడి ఆస్తి వ్యవహారాలు ఎవరు చూడాలో వీటిలో ఏదీ చెప్పదు. కట్టుకున్న భార్య అయినా ఆయన తరఫున సంతకం పెట్టే అధికారం దానంతట అది రాదు. ఇన్నేళ్లయినా పార్లమెంటు ఈ లోటును పూడ్చకపోవడం, ఇప్పటికే నలిగిపోతున్న కుటుంబాలకు జరుగుతున్న అన్యాయమని నా అభిప్రాయం.

ఆ లోటును హైకోర్టులు, తమకు రిట్లు (ప్రత్యేక ఆదేశాలు) ఇచ్చే అధికారం కల్పించే రాజ్యాంగం 226వ అధికరణం కింద పూడుస్తున్నాయి. తనను తాను చూసుకోలేని మనిషికి రాజ్యమే తల్లిదండ్రుల స్థానంలో నిలవాలన్న సూత్రంపై, భార్యను గానీ పిల్లలను గానీ సంరక్షకులుగా నియమిస్తున్నాయి. కేరళ హైకోర్టు 2019లో ఇందుకు వివరమైన మార్గదర్శకాలు ఇచ్చింది. 2024లో మద్రాసు హైకోర్టు ముందుకు మీలాంటి ఇల్లాలే వచ్చారు; సివిల్ కోర్టుకు వెళ్లమన్న సింగిల్ జడ్జి ఉత్తర్వును ఇద్దరు న్యాయమూర్తుల ధర్మాసనం పక్కన పెట్టి, ఆమెను సంరక్షకురాలిగా నియమించి, స్థిరాస్తిని అమ్మడానికి అనుమతించింది; అయితే రూ.50 లక్షలు భర్త పేరున ఎఫ్‌డీ చేయాలని షరతు పెట్టింది. ఇతర రాష్ట్రాల తీర్పులకు మన హైకోర్టు కట్టుబడనక్కర లేదు గానీ, వాటికి తప్పకుండా విలువ ఇస్తుంది.

కాబట్టి అమరావతిలోని ఆంధ్రప్రదేశ్ హైకోర్టులో మీరు రిట్ పిటిషన్ వేయాలి. సాధారణంగా కోర్టు న్యూరాలజిస్టు ఉన్న మెడికల్ బోర్డు చేత ఆయనను పరీక్షింపజేస్తుంది. విశాఖలో ఆ బాధ్యత కేజీహెచ్ వంటి ప్రభుత్వ ఆసుపత్రికి అప్పగించవచ్చు. తహసీల్దారు కూడా ఇంటికి వచ్చి విచారిస్తారు. పిటిషన్‌లో ఆయన ఆస్తులు, అప్పులు అన్నీ రాయండి. షాపు సరుకునూ, చేబదుళ్లనూ కూడా వదలకండి. నెలకు ఎంత ఖర్చవుతోందో, అంటే నర్సు జీతం, ట్యూబు ద్వారా ఇచ్చే ఆహారం, ఫిజియోథెరపీ, పిల్లల ఫీజులు, ఒక కాగితంపై లెక్క రాసి జత చేయండి. అత్తగారూ, పద్దెనిమిదేళ్లు నిండి ఉంటే మీ అమ్మాయీ తమకు అభ్యంతరం లేదని ప్రమాణ పత్రాలు ఇస్తే పని బాగా తేలికవుతుంది. అత్తగారితో ఈ మాట మీరే మాట్లాడండి, వకీలు నోటీసు ద్వారా కాదు. కొడుకు ఆస్తి కోడలు అమ్మేస్తోందన్న మాట ఆవిడ చెవిన బయటివారు వేయకముందే, కోర్టు అనుమతి లేకుండా గజం కూడా అమ్మలేరనీ, లెక్కలు కోర్టుకు అప్పగించాలనీ ఆవిడకు తెలియాలి. స్థలం ఆయన స్వార్జితమా, పిత్రార్జితమా అన్నది కూడా చూడాలి. పిత్రార్జితమైతే మీ పిల్లలిద్దరికీ అందులో పుట్టుకతో వచ్చిన వాటా ఉంటుంది. మైనర్ అయిన మీ అబ్బాయి వాటా గురించి కోర్టును విడిగా అడగవలసి వస్తుంది.

హైకోర్టు పని సాగుతుండగానే మరొకటి వెంటనే మొదలుపెట్టాలి. మోటారు ప్రమాద పరిహారం కోసం ప్రమాదం జరిగిన 6 నెలల్లోపు దరఖాస్తు చేయాలని 2022 ఏప్రిల్ నుంచి అమల్లో ఉన్న మోటారు వాహనాల చట్ట సవరణ చెబుతోంది. మీకు నాలుగు నెలలు గడిచిపోయాయి. విశాఖపట్నంలోని మోటారు ప్రమాద పరిహార ట్రిబ్యునల్‌లోనే వేయవచ్చు. ఆయన సంతకం లేకపోయినా, తన ప్రయోజనాలు తాను కాపాడుకోలేని వ్యక్తి తరఫున నెక్స్ట్ ఫ్రెండ్‌గా, అంటే ఆయన బదులు కేసు నడిపే మనిషిగా, మీరు నిలబడేందుకు సివిల్ ప్రొసీజర్ కోడ్ ఆర్డర్ 32 వీలు కల్పిస్తుంది. ఆసుపత్రి బిల్లులతోనే ఆగకండి. ప్రమాదంలో శాశ్వతంగా వికలాంగురాలైన పన్నెండేళ్ల బాలిక కేసులో సుప్రీంకోర్టు 2020లో, జీవితాంతం కావలసిన సహాయకుల ఖర్చును కూడా మల్టిప్లయర్ పద్ధతిలో, అంటే ఏడాది ఖర్చును వయసును బట్టి ఉండే సంఖ్యతో గుణించి, లెక్కగట్టింది. కోమాలో ఉన్న మనిషి విషయంలో అసలు భారం అదే కాబట్టి, ఇప్పుడు నర్సుకు ఇస్తున్న ప్రతి రూపాయికీ రశీదు తీసుకోండి.

ఫీజు గురించి సంకోచించకండి. ఆదాయంతో పని లేకుండా మహిళలందరికీ ఉచిత న్యాయ సహాయం పొందే హక్కు 1987 నాటి చట్టంలో ఉంది. జిల్లా న్యాయసేవాధికార సంస్థకు వెళ్లవచ్చు, 15100కు ఫోన్ చేయవచ్చు. వెళ్లేటప్పుడు ఎఫ్ఐఆర్ నకలు, ఆసుపత్రి సమ్మరీ, స్థలం దస్తావేజు, పాస్‌బుక్కులు, మీ ఇద్దరి ఆధార్ కార్డులు తీసుకెళ్లండి. జిరాక్సులు మాత్రమే ఇచ్చి, ఒరిజినల్ దస్తావేజు ఇంట్లోనే ఉంచండి. మీ మరిది గారికి కూడా ఇప్పుడు దాన్ని ఇవ్వకండి.