మీ అమ్మగారితో ఆ మాట ఇక చెప్పించకండి

ప్రశ్న: నాకు 31 ఏళ్లు. ఉద్యోగం బాగుంది. ఇంకా పెళ్లి కాలేదు, అమ్మానాన్నలతోనే ఉంటున్నాను. చాలాకాలంగా ఒక ఆన్‌లైన్ ఫాంటసీ రోల్‌ప్లేయింగ్ గేమ్ ఆడుతున్నాను. వారంలో మూడు రాత్రులు తొమ్మిదిన్నర నుంచి పదకొండున్నర దాకా మా గిల్డ్‌తో, అంటే ఎప్పుడూ కలిసి ఆడే మా జట్టుతో, రెయిడ్ ఉంటుంది. అందరం కలిసి పెద్ద రాక్షసుడి మీదకి వెళ్లడమే రెయిడ్. అందులో నేను హీలర్‌ని, దెబ్బతిన్నవాళ్ల ప్రాణం నిలబెట్టడం నా పని. నాన్న రిటైరై రెండేళ్లయింది. ఆయనకు ఇలాంటివి నచ్చవు కాబట్టి, నా గురించి అడిగినప్పుడల్లా అమ్మ ‘వాడికి ఆఫీసు మీటింగంట’ అని సర్దిచెబుతుంది. మొన్న రాత్రి నాన్న నా గది తలుపు తీసి, కాసేపు నిలబడి, ఏమీ అనకుండా వెళ్లిపోయారు. మర్నాడు ‘ఈ వయసులో పిల్లాటలేంటి, పరువు పోతుంది’ అన్నారు. అప్పట్నుంచి సరిగా మాట్లాడటం లేదు. ముప్పై దాటాక గేమ్ ఆడటం తప్పా? ఇది వ్యసనమా? నాన్నని ఎలా ఒప్పించాలి?

జవాబు: తప్పు కాదు. మీరు రాసినదాన్ని బట్టి వ్యసనమూ కాదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో ఆమోదించి, 2022 జనవరి నుంచి అమల్లోకి తెచ్చిన వ్యాధుల వర్గీకరణలో గేమింగ్ డిజార్డర్ ఉన్న మాట నిజమే. అయితే ఆట మీద అదుపు తప్పిపోవాలి, మిగతా పనులన్నీ దాని వెనక్కి పోవాలి, నష్టం కళ్లెదుట కనిపిస్తున్నా ఆపలేకపోవాలి. సాధారణంగా ఇదంతా ఏడాది పాటు సాగి, ఉద్యోగమో కాపురమో చదువో బాగా దెబ్బతిన్నప్పుడు ఆ పేరు పెడతారు. మీరు వారానికి ఆరు గంటలు ఆడుతున్నారు, టైముకి లేచి వస్తున్నారు, ఉద్యోగం చేసుకుంటున్నారు. పిల్లాట అన్న మాటా పట్టించుకోకండి. ఇలాంటి గేమే అయిన వరల్డ్ ఆఫ్ వార్‌క్రాఫ్ట్ 2004లో వచ్చింది. అప్పట్లో ఒక్కో పెద్ద రెయిడ్‌కి 40 మంది దాకా కలిసి ఆడేవాళ్లు. వాళ్లలో ఎంతోమందికి ఇప్పుడు పిల్లలున్నారు. ఈ రెండు ప్రశ్నలూ ఇక్కడితో వదిలేద్దాం.

మీ ఉత్తరంలో నేను ముందుకు కదలలేకపోయిన మాట ఒకటుంది. ‘మీటింగంట.’

మీ అమ్మగారు ‘మీటింగ్’ అనలేదు, ‘మీటింగంట’ అన్నారు. నేను చూసి చెప్పడం లేదు, వాడు చెప్పిందే చెబుతున్నాను అని ఆ ‘అంట’ వెనక నిలబడ్డారు. అబద్ధం ఆడటం ఇష్టం లేని మనిషి, కొడుకు మీద ప్రేమతో ఆడుతున్నప్పుడే ఆ ‘అంట’ వస్తుంది. వారానికి మూడు చొప్పున రెండేళ్లకు లెక్క వేయండి, మూడు వందలు దాటుతుంది. ఇన్నేళ్లు కాపురం చేసిన భర్తతో ఆవిడ అన్నిసార్లు అబద్ధం చెప్పారు, మీరు హాయిగా ఆడుకోవడానికి. దీని గురించి మీ ఉత్తరంలో ఒక్క ముక్క బాధ కనిపించలేదు. నాకు కోపం వచ్చింది అక్కడే.

ఇప్పుడు తలుపు దగ్గర నిలబడ్డ మీ నాన్నగారి గురించి ఆలోచించండి. లోపల కొడుకు హెడ్‌సెట్ పెట్టుకుని ఎవరితోనో గట్టిగా మాట్లాడుతున్నాడు, బహుశా నవ్వుతున్నాడు కూడా. తెర మీద ఆఫీసు పని ఏమీ లేదు. ఆ నిమిషంలో ఆయనకు రెండు సంగతులు తెలిశాయి. కొడుకు గేమ్ ఆడుతున్నాడని ఒకటి. ఇన్నాళ్లూ భార్య తనకు అబద్ధం చెప్పిందని రెండోది. మొదటిది మీ ముఖం మీదే అనగలిగారు. రెండోది ఎవరితో అంటారు? పరువు పోతుంది అన్నది మీరు ఆడే ఆట గురించేనని మీరు అనుకున్నారు. తన ఇంట్లో తనొక్కడికే నిజం తెలియకపోవడం గురించి అని నాకు అనిపిస్తోంది.

తండ్రీకొడుకుల మధ్య మాటలన్నీ తల్లి మోసే ఇళ్లు చాలా చూశాను. జ్వరం వచ్చినా, డబ్బు కావాలన్నా, అలిగినా ఆవిడ ద్వారానే. పదేళ్ల పిల్లాడికి అది ముచ్చటే. మీకు 31. గిల్డ్‌లో మీరు ఇలా ఉండరు. రెయిడ్‌కి రాలేకపోతే ముందే స్వయంగా చెబుతారు. చెప్పకుండా మానేసే హీలర్‌ని ఏ గిల్డూ ఎక్కువ రోజులు భరించదు. మా అక్క కొడుకు ఒకసారి నన్ను పక్కన కూర్చోబెట్టుకుని రెయిడ్ చూపించాడు. వాడూ హీలరే. తెర మీద అంత పెద్ద రాక్షసుడు ఉంటే వాడి కళ్లు మాత్రం ఓ మూలనున్న చిన్న చిన్న బార్ల మీదే ఉన్నాయి, ఎవరి ప్రాణం తగ్గుతోందా అని. ముందు నిలబడి దెబ్బలు కాసే ఆటగాడు, వాళ్ల భాషలో ట్యాంక్, నీరసపడితే వాడి వేళ్లు మన ఆలోచన కంటే ముందు కదిలాయి. అంత బాధ్యత తెలిసిన మనిషి ఇంట్లో తల్లి చాటున దాక్కుంటే నేను ఒప్పుకోలేను.

నార్వేలో మాట్స్ స్టీన్ అనే యువకుడు ఉండేవాడు. కండరాలు క్షీణించే జబ్బు, చక్రాల కుర్చీ. వార్‌క్రాఫ్ట్‌లోనే ఎక్కువ కాలం గడిపేవాడు. కొడుక్కి స్నేహితులే లేకుండా పోయారని తల్లిదండ్రులు కుమిలిపోయారు. 2014లో, 25 ఏళ్లకే అతను పోయాక, ఆ సంగతి అతని బ్లాగులో పెడితే గిల్డ్ స్నేహితుల నుంచి ఈమెయిళ్లు వెల్లువెత్తాయి. కొందరు అంత్యక్రియలకు వచ్చారు. కొడుకు ఎంతమందికి కావలసినవాడో ఆ తండ్రికి అప్పుడు తెలిసింది. మీ నాన్నగారు పక్క గదిలోనే ఉన్నారు.

ఆయన్ని ఒప్పించే పని పెట్టుకోకండి. మీ సాయంత్రాలకు ఎవరి అనుమతీ అక్కర్లేదు. ముందు అమ్మగారి దగ్గరికి వెళ్లి, ఇకపై నా తరఫున ఏమీ చెప్పొద్దమ్మా అనండి, క్షమించమని అడగండి. తర్వాత రెయిడ్ లేని సాయంత్రం చూసి నాన్నగారి పక్కన కూర్చోండి. ‘నాన్నా, మీటింగ్ అని అమ్మతో చెప్పించింది నేనే. తప్పు నాది, అమ్మను ఏమీ అనొద్దు.’ ఇంతే. ఆ రోజు గేమ్ గొప్పతనం వివరించకండి, ‘నా సంపాదన నా ఇష్టం’ అన్న మాట పొరపాటున కూడా రానివ్వకండి. ఆయన అరిస్తే అరవనివ్వండి. రెండేళ్లది ఉంది లోపల.

ఇంకో చిన్న మాట. ఇలాంటి ఆటల్లో చాలావాటిలో రోజువారీ క్వెస్టులని, చేయాల్సిన చిన్న చిన్న పనులు ఉంటాయి, రోజూ లాగిన్ అవ్వకపోతే ఏదో పోయినట్టు అనిపించేలా. వాటికీ టైం పెడుతుంటే తగ్గించండి. స్నేహితులతో ఆడే మూడు రాత్రులు మాత్రం ఉంచుకోండి.

ఆ రాత్రుల్లో తొమ్మిదింటికి మీరే వెళ్లి, ‘నాన్నా, పదకొండున్నర దాకా గేమ్ ఆడతాను, అవసరమైతే తలుపు తీసి పిలవండి’ అని చెప్పండి. ఆయన పలక్కపోయినా ప్రతిసారీ చెప్పండి. నిజంగానే పిలిచిన రోజు, ఇందులో పాజ్ ఉండదు నాన్నా అని వివరిస్తూ కూర్చోకండి. హెడ్‌సెట్ తీసి లేవండి. హీలర్ లేకపోతే ఆటలో జట్టు మొత్తం చచ్చిపోవచ్చు. వాళ్లు మళ్లీ మొదలుపెడతారు.