పరీక్ష రాయకుండానే ఖార్టూమ్ వదిలొచ్చిన అమ్మాయిని ఇప్పుడు ఏ గ్రూపులో చేర్చాలి?

ప్రశ్న (జూన్ 2023): మావారు సూడాన్‌లో తుమ్మబంక ఎగుమతి చేసే కంపెనీలో అకౌంటెంట్. తొమ్మిదేళ్లు అక్కడి రాజధాని ఖార్టూమ్‌లోనే ఉన్నాం. ఏప్రిల్ 15న కాల్పులు మొదలయ్యాక పది రోజులు కరెంటూ నీళ్లూ సరిగా లేక తలుపులేసుకుని కూర్చున్నాం. తర్వాత బస్సులో పోర్ట్ సూడాన్, నేవీ ఓడలో జెద్దా, అక్కణ్ణుంచి విమానంలో ఢిల్లీ, చివరికి హైదరాబాద్. మావారి డిగ్రీ సర్టిఫికెట్లు, పిల్లల రిపోర్టు కార్డులు ఫ్లాట్‌లోనే ఉండిపోయాయి. అమ్మాయికి పదహారేళ్లు. మే నెలలో కేంబ్రిడ్జి ఐజీసీఎస్‌ఈ (మన పదో తరగతి లాంటివి) పరీక్షలు రాయాల్సింది, రాయలేదు. బాబుకు పన్నెండేళ్లు, తెలుగు మాట్లాడతాడు కానీ చదవలేడు. ఒక కాలేజీ పీఆర్వో రోజూ ఫోన్ చేసి "ముందు ఎంపీసీలో చేర్చండి, సర్టిఫికెట్లు తర్వాత చూసుకుందాం" అంటున్నాడు. చుట్టాలదీ అదే మాట. అమ్మాయేమో ఏదీ తేల్చదు, రోజంతా స్నేహితులతో ఫోన్లో అరబ్బీలో మాట్లాడుతూ ఉంటుంది. ఏడాది పోకుండా ఏం చేయాలి? మావారు మళ్లీ గల్ఫ్‌కు వెళ్లొచ్చా? - ఒక తల్లి, హైదరాబాద్

జవాబు: అమ్మా, ముందు ఆ పీఆర్వోకు ఫోన్లోనే "వద్దు" అని చెప్పేయండి. పదో తరగతి పాసైనట్టు కాగితం లేకుండా ఇంటర్‌లో చేరినా ఆ చేరిక నిలవదు. మీరు కట్టిన ఫీజు వాళ్ల దగ్గర ఉంటుంది, పరీక్షల వేళకు హాల్‌టికెట్ రాక మీరు బోర్డు చుట్టూ తిరుగుతారు. ఆయనకు ఇచ్చిన టార్గెట్ సీట్లు నింపడం. మీ అమ్మాయి పదో తరగతి ఆయన లెక్కలో లేదు.

ఏడాది గురించి మీ బెంగ నాకు తెలుసు. 1990లో కువైట్ నుంచి లక్షా డెబ్బై వేల మందికి పైగా మనవాళ్లు జోర్డాన్‌లోని అమ్మాన్ మీదుగా విమానాల్లో తిరిగొచ్చినప్పుడు నేను కడపలో ఇంటర్ పిల్లలకు పాఠాలు చెప్పేవాణ్ణి. రాయచోటి వైపు నుంచి ఒకబ్బాయిని సంవత్సరం మధ్యలో తెచ్చి ఎంపీసీలో కూర్చోబెట్టారు, ఏడాది కలిసొస్తుందని. మార్చిలో నాలుగు సబ్జెక్టులు తప్పాడు. వాటిని కట్టుకోవడానికి, మళ్లీ పుస్తకం ముట్టుకోవడానికి కలిపి రెండేళ్లు పట్టింది. తెలివితక్కువవాడేం కాదు. ఊపిరి పీల్చుకునే వ్యవధి ఎవరూ ఇవ్వలేదు, అంతే.

మీ అమ్మాయికి పదహారే. నీట్‌కు అడ్మిషన్ ఏడాది డిసెంబరు 31 నాటికి పదిహేడు నిండితే చాలు. జేఈఈ మెయిన్‌కు వయసు పరిమితే లేదు. పద్దెనిమిది, పంతొమ్మిదేళ్లకు పన్నెండో తరగతి ముగిసినా ఆ అమ్మాయి ముందు ఏ తలుపూ మూసుకోదు. కాబట్టి ఈ ఏడాదిని పదో తరగతి సర్టిఫికెట్ కోసం వాడండి, గ్రూపు సంగతి తర్వాత.

నేనైతే ఐజీసీఎస్‌ఈనే పూర్తి చేయిస్తాను. రెండేళ్లు చదివిన సిలబస్ అది, పాఠాలు బుర్రలోనే ఉన్నాయి. కేంబ్రిడ్జి పరీక్షలు అక్టోబరు-నవంబరులో మళ్లీ ఉంటాయి, ఫలితాలు జనవరిలో వస్తాయి. మన దేశంలో మార్చిలో ఇంకో విడత కూడా ఉంది. హైదరాబాద్‌లోని కేంబ్రిడ్జి బడుల్లో ప్రైవేటుగా రాసేవాళ్లను ఎవరు తీసుకుంటారో ఈ వారమే కనుక్కోండి. పరీక్షకు నెలల ముందే పేర్ల నమోదు ముగుస్తుంది, ఆలస్యమైతే అదనపు రుసుము కట్టాలి. బడిలో లేని పిల్లలకు ల్యాబ్ ఒక చిక్కు. అందుకే సైన్స్ సబ్జెక్టుల్లో ప్రాక్టికల్ పరీక్షకు బదులు రాతగా ఇచ్చే పేపర్ ఎంచుకునే వీలుందేమో అడగండి. ఫిజిక్స్, కెమిస్ట్రీ, బయాలజీ మూడింటికీ అలాంటి పేపర్ ఉంది. రాయాల్సిన సబ్జెక్టుల్లో ఇంగ్లీషుతో కలిపి కనీసం ఐదింటిలో సి, అంతకంటే మంచి గ్రేడు రావాలి. భారత విశ్వవిద్యాలయాల సంఘం (ఏఐయూ) పదో తరగతికి సమానమని ధ్రువీకరించేది ఆ లెక్కనే. లెక్కలు, సైన్స్ మాత్రం వదలొద్దు. వాటిని వదిలితే ఎంపీసీ, బైపీసీ రెండూ చేజారతాయి.

ఖర్చు భారమనుకుంటే ఎన్‌ఐఓఎస్ (జాతీయ ఓపెన్ స్కూల్) లేదా తెలంగాణ ఓపెన్ స్కూల్ పదో తరగతి ఉంది. చట్టబద్ధమైనదే, చవక కూడా. కానీ కొత్త సిలబస్ మొదటినుంచి చదవాలి. అందుకే దాన్ని రెండో దారిగానే చెబుతున్నాను.

వచ్చే వేసవిలో ఇంటరా, సీబీఎస్‌ఈ పదకొండా అన్నది అప్పుడు చూద్దాం. ఇంటర్ అయితే బోర్డు నుంచి ఎలిజిబిలిటీ సర్టిఫికెట్ తీసుకోవాలి. ఎంసెట్ (తెలంగాణలో 2024 నుంచి ఈఏపీసెట్) స్థానికత గురించి ఇప్పుడే ఒక మాట. స్థానిక కోటా 85 శాతం. అది దక్కాలంటే అర్హత పరీక్షకు (అంటే ఇంటర్ లేదా పన్నెండుకు) ముందు వరుసగా నాలుగేళ్లు ఇక్కడే చదివి ఉండాలి, మీ అమ్మాయికి అది కుదరదు. మిగిలిన 15 శాతంలో పోటీ పడొచ్చు. దానికి తల్లిదండ్రుల్లో ఒకరు, బయట ఉద్యోగం చేసిన కాలం పోగా, మొత్తం పదేళ్లు రాష్ట్రంలో ఉండి ఉండాలి. ఆ పదేళ్లకు రుజువులు మీ పుట్టింటి, అత్తింటి అల్మరాల్లో దొరుకుతాయి, ఇప్పుడే వెతికి పెట్టుకోండి. మీసేవలో నివాస ధ్రువపత్రం అడిగే రోజున వెతుక్కోవడం కష్టం.

ఇక ఆ ఫోను. దయచేసి లాక్కోకండి. ఆ స్నేహితుల్లో కొందరు కైరోలోనో మరెక్కడో ఉండి ఉంటారు, కొందరు ఇంకా అక్కడే ఉండి ఉంటారు. ఎవరు క్షేమమో తెలుసుకోవడం తప్ప మీ అమ్మాయికి ఇప్పుడు వేరే పని తోచకపోవడంలో వింతేముంది? ఖార్టూమ్ నుంచి పోర్ట్ సూడాన్‌కు దాదాపు 850 కిలోమీటర్లు. ఆ దారిలో ఏం చూసిందో మీకు తప్ప ఎవరికీ తెలియదు, కొంత మీకూ తెలియకపోవచ్చు. నిద్ర పట్టకపోయినా, పెళ్లి ఊరేగింపు బాణసంచాకు ఉలిక్కిపడినా టెలీ మానస్ నంబరు 14416కు ఫోన్ చేయండి. ప్రభుత్వానిదే, డబ్బు తీసుకోరు, తెలుగులో మాట్లాడతారు. ఈ స్థితిలో ఉన్న పిల్లను ఉదయం ఐదు నుంచి రాత్రి పది దాకా స్టడీ అవర్లు నడిపే హాస్టల్‌కు పంపడానికి నేను ఒప్పుకోను.

ఆ అరబ్బీని కూడా ఊరికే కొట్టిపారేయకండి. వైద్యం కోసం సూడాన్, యెమెన్, ఒమన్ నుంచి హైదరాబాద్ ఆసుపత్రులకు వచ్చేవాళ్లు ఎందరో. ఒకసారి టోలీచౌకీ పారామౌంట్ కాలనీకి తీసుకెళ్లండి. అక్కడి హోటళ్ల బోర్డులు గడగడా చదివేస్తుంది, మీరు పక్కన నిలబడి చూస్తూ ఉంటారు. అయితే వీధిలో నేర్చుకున్న సూడానీ మాట వేరు, పుస్తకాల అరబ్బీ వేరు. ఈ ఏడాది రోజుకో గంట రాయడం, చదవడం మీద పెడితే భాష గట్టిపడుతుంది. ఇంటర్‌లో రెండో భాషగా అరబ్బీ తీసుకోవచ్చు, చెప్పే కాలేజీలు తక్కువ గానీ హైదరాబాద్‌లో ఉన్నాయి. (మార్కుల కోసం అందరూ ఎగబడే సంస్కృతం కంటే ఈ పిల్లకు అదే సులువు.) ముందు ముందు డాక్టరైనా, నర్సయినా, భాషలే చదవాలని ఇఫ్లూకో (ఇంగ్లీషు, విదేశీ భాషల యూనివర్సిటీ) ఉస్మానియాకో వెళ్లినా ఆ భాష పనికొస్తుంది. అలాగని ఆ పిల్ల జీవితం దానితోనే తేల్చేయమని కాదు. తను ఇంకా నోరు విప్పలేదు, విప్పేదాకా ఆగండి.

బాబు సంగతి తేలిక. పద్నాలుగేళ్లలోపు పిల్లల్ని వయసుకు తగ్గ తరగతిలో చేర్చుకోవాలని విద్యాహక్కు చట్టం చెబుతోంది. టీసీ ఆలస్యమైందని ప్రభుత్వ, ఎయిడెడ్ బడులు వెనక్కి పంపకూడదు. మన రాష్ట్రంలో 2018 చట్టం వచ్చాక బడుల్లో తెలుగు తప్పనిసరి. అందుకని రోజూ సాయంత్రం తాతయ్య పక్కన కూర్చోబెట్టి అక్షరాలు దిద్దించండి. పన్నెండేళ్లవాడికి అదేం పెద్ద పని కాదు.

మీవారికి: గల్ఫ్‌కు వెళ్లడంలో తప్పు లేదు, కానీ ఈ ఆరు నెలలు వద్దు. ఇల్లు కుదుటపడే సమయంలో నాన్న మళ్లీ విమానం ఎక్కితే పిల్లలకు ఎలా ఉంటుందో చెప్పనక్కర్లేదు. ఈలోగా డిగ్రీ డూప్లికేట్ కోసం యూనివర్సిటీలో అఫిడవిట్‌తో దరఖాస్తు పెట్టుకోవాలి. ఖార్టూమ్‌లో పోయిన కాగితానికి ఇక్కడి స్టేషన్‌లో ఏం రాసివ్వమనాలో యూనివర్సిటీవాళ్లనే అడిగి తెలుసుకోవాలి. అనుభవ పత్రం ఇచ్చే కంపెనీ మూతపడి ఉంటే జీతం పడిన బ్యాంకు స్టేట్‌మెంట్లు, వీసా పేజీలు, పాత మేనేజరు రాసిన ఈమెయిల్ కలిపి ఒక ఫైలు చేసుకోవాలి. ఏజెంటు ఎవరైనా కేంద్ర ప్రభుత్వ ఈ-మైగ్రేట్ వెబ్‌సైట్ జాబితాలో పేరుందో లేదో చూడకుండా పాస్‌పోర్టు ఇవ్వొద్దు.

ఇవాళే చేయాల్సింది ఒక్కటుంది. ఖార్టూమ్ బడి ప్రిన్సిపాల్ ఎక్కడున్నా మెయిల్ పెట్టండి. రెండేళ్ల రిపోర్టు కార్డులు, అక్కడ చదివినట్టు బోనఫైడ్, మే పరీక్షలకు ఏయే సబ్జెక్టులు నమోదు చేశారో ఆ జాబితా, బడి పరీక్షా కేంద్రం నంబరు అడగండి. ఆ మెయిల్ మీరు కాదు, అమ్మాయే రాయాలి. ఇంగ్లీషులో రాయాలా అరబ్బీలో రాయాలా అన్నది తనే చూసుకుంటుంది.