ఐర్లాండ్ సంప్రదాయ ఫ్లూట్ విద్వాంసులు ఫ్లూట్ మీదే బతుకుతారా? మాట్ మలాయ్ ఎలా పైకొచ్చారు?

మీరు రెండు ప్రశ్నలు కలిపి అడిగారు. రెండోదానికి జవాబు చెబితే మొదటిది దానంతటదే తేలిపోతుంది కాబట్టి అటునుంచే వస్తాను.

ముందు నా సంగతి. డబ్లిన్‌లో తొమ్మిదేళ్ళుగా ఉంటున్నాను, సాఫ్ట్‌వేర్ ఉద్యోగం. చిన్నప్పుడు రాజమండ్రిలో ఆరేళ్ళు వేళ్ళకి ఎనిమిది రంధ్రాలుండే మన వేణువు నేర్చుకున్నాను. ఇంటర్‌లో చేరగానే ఎంసెట్ టెన్షన్‌తో మానిపించారు. ఇక్కడికొచ్చాక నాలుగేళ్ళ నుంచి ఐరిష్ ఫ్లూట్ నేర్చుకుంటున్నాను. విద్వాంసుణ్ణి కాను. పబ్బులో అందరూ గుండ్రంగా కూర్చుని వాయిస్తుంటే తెలిసిన పాట వచ్చినప్పుడు మాత్రమే ఫ్లూట్ ఎత్తే రకం. ఆ లెక్కలోనే చదువుకోండి.

మాట్ మలాయ్ 1947లో రాస్‌కామన్ కౌంటీలోని బల్లాగడరీన్‌లో పుట్టారు. చిన్న ఊరు. ఇంట్లో నాన్న తరం, తాత తరం ఫ్లూట్ వాయించినవాళ్ళే. రాస్‌కామన్, దాని పక్కనున్న స్లైగో, లీట్రిమ్ కౌంటీలు ఫ్లూట్‌కి పుట్టిల్లు లాంటివి. మనకి వయొలిన్ విద్వాంసులు ద్వారం వారి పేరు చెప్పగానే విజయనగరం గుర్తొచ్చినట్టు, ఇక్కడివాళ్ళకి ఫ్లూట్ అంటే ఆ మూడు కౌంటీలు గుర్తొస్తాయి.

ఈ ఫ్లూట్ ఐర్లాండ్ పల్లెల్లోకి వచ్చిన తీరు నాకు భలే నచ్చుతుంది. ఇది నల్లటి గట్టి చెక్కతో చేసిన అడ్డ వేణువు, వేళ్ళకి ఆరు రంధ్రాలు. నిజానికి 19వ శతాబ్దంలో లండన్ లాంటి చోట్ల శాస్త్రీయ సంగీతం వాయించేవాళ్ళ కోసం తయారైనది. 1847లో జర్మనీవాడు థియోబాల్డ్ బోమ్ కొత్త రకం లోహపు ఫ్లూట్ తెచ్చాడు. కచేరీల వాళ్ళు మెల్లగా అటు మళ్ళారు. పాత చెక్క ఫ్లూట్లు చవకగా చేతులు మారాయి. అలా దొరల సంగీతం వదిలేసిన వాయిద్యాన్ని రైతులూ కూలీలూ అందుకుని తమదిగా చేసుకున్నారు. మనవాళ్ళు వయొలిన్‌ని తీసుకుని ఒళ్ళో కూర్చోబెట్టుకున్నట్టే అనుకోండి.

మలాయ్ కన్నా ముందు ఒకాయన గురించి చెప్పాలి. జాన్ మెకెన్నా, 1880లో లీట్రిమ్‌లో పుట్టాడు. అమెరికా వెళ్ళి న్యూయార్క్‌లో అగ్నిమాపక ఉద్యోగంలో చేరాడు. 1920లలో అక్కడ గ్రామఫోన్ రికార్డులు ఇస్తే, వాటిమీద పేరు 'ఫైర్ పెట్రోల్‌మన్ జాన్ మెకెన్నా' అని వేశారు. ఉద్యోగం హోదా ముందు, పేరు తర్వాత. ఆ రికార్డులు సముద్రం దాటి వెనక్కొచ్చి లీట్రిమ్, రాస్‌కామన్ వంటిళ్ళలో మోగాయి. అక్కడి కుర్రాళ్ళు వాటిని విని విని నేర్చుకున్నారు. నిప్పులార్పే ఉద్యోగి వాయించిన శైలి ఒక ప్రాంతానికి ఒరవడి అయింది.

మలాయ్ ఎనిమిదేళ్ళకే ఫ్లూట్ పట్టారు. 19 ఏళ్ళకి అఖిల ఐర్లాండ్ పోటీలో గెలిచారు. గెలిచాక కచేరీలు చేసుకుంటూ బతికేశారా అంటే, లేదు. డబ్లిన్‌లో ఎయిర్ లింగస్ విమానయాన సంస్థలో ఇంజినీరింగ్ పని. పగలు విమానాల బాగోగులు, సాయంత్రం పబ్బుల్లో ఫ్లూట్. 1960లలో పల్లెల నుంచి డబ్లిన్‌కి పనికోసం వచ్చిన వాయిద్యగాళ్ళు చాలామంది ఇలాగే ఉండేవారు.

1970ల మధ్యలో బోతీ బ్యాండ్ అనే సంప్రదాయ సంగీత బృందం మొదలైంది. డోనల్ లని, ఊలన్ పైప్స్ అనే ఐరిష్ తిత్తి వాయిద్యం వాయించే పాడీ కీనన్, ఫిడిల్ (ఇక్కడ వయొలిన్‌ని అలాగే అంటారు) మీద టామీ పీపుల్స్, వాళ్ళతో మలాయ్. నాలుగేళ్ళకే ఆగిపోయింది కానీ ఇప్పటికీ ఇక్కడి కుర్రాళ్ళు ఆ రికార్డుల వేగం చూసి గుడ్లు తేలేస్తారు. ఆ మధ్యలోనే 1976లో మలాయ్ తన పేరుతో సొంత రికార్డు ఇచ్చారు. నాకు పాఠం చెప్పే ఆవిడ మొదటిరోజే "అది విను, కానీ అలా వాయించాలని చూడకు, వేళ్ళు పాడవుతాయి" అంది.

1979లో చీఫ్‌టన్స్ బృందంలో చేరారు. మీ ప్రశ్నకి అసలు జవాబు ఇక్కడుంది. చీఫ్‌టన్స్ మొదలైంది 1962లో. వాళ్ళు ఉద్యోగాలు వదిలి పూర్తిగా సంగీతంలోకి దిగింది 1975లో. అంటే ప్రపంచంలోనే పేరున్న ఐరిష్ బృందం 13 ఏళ్ళు సెలవులు పెట్టుకుంటూ నడిచిందన్నమాట. మలాయ్ ఎవరి స్థానంలో వచ్చారో తెలుసా? మైకల్ టబ్రిడీ అనే ఫ్లూట్ విద్వాంసుడి స్థానంలో. ఆయన సివిల్ ఇంజినీరు. బృందం ఏడాది పొడుగునా ఊళ్ళు తిరగడం మొదలెట్టాక తన ఇంజినీరు పనే చూసుకుంటానని తప్పుకున్నారు. ఒక ఇంజినీరు కచేరీలు వదిలి పనిలోకి వెళ్ళాడు, విమానాల పని మానిన ఇంకో ఇంజినీరు ఆ కుర్చీలోకి వచ్చాడు. ఎవరిది తెలివైన నిర్ణయం అని నన్నడిగితే, ఇద్దరిదీనూ.

ఆ తర్వాత అంతా మీకు ఎక్కడైనా దొరుకుతుంది. 1983లో చైనా గోడ మీద వాయించడం, చీఫ్‌టన్స్‌కి వచ్చిన ఆరు గ్రామీలు, ఇవన్నీ. ఒక్కటి మాత్రం చెప్పకుండా ఉండలేను. అమెరికా వ్యోమగామి కేడీ కోల్‌మన్‌కి ఫ్లూట్ వచ్చు. ఆవిడ అంతరిక్ష కేంద్రానికి వెళ్తూ మలాయ్ ఇచ్చిన పాత ఐరిష్ ఫ్లూట్ తీసుకెళ్ళింది. 2011 మార్చి 17న, సెయింట్ పాట్రిక్ పండగ నాడు, అక్కడ గాల్లో తేలుతూ దాన్ని వాయించింది. ఒకప్పుడు విమానాలు బాగుచేసిన మనిషి ఫ్లూట్ విమానాలు పోలేనంత ఎత్తుకి పోయింది.

ఇప్పుడు వాయింపు. ఆయన్ని ఎందుకంత గొప్పగా చెప్పుకుంటారో నాకు రెండేళ్ళ దాకా అర్థం కాలేదు. వేగంగా వాయిస్తారు, అంతేగా అనుకున్నాను. అర్థమవ్వాలంటే ఊపిరి సంగతి తెలియాలి. రీల్ అనే నాట్యపు పాట మామూలుగా ఒక ఆవృత్తానికి 32 బార్లు (తాళం లెక్కలో చిన్న భాగాలు), మధ్యలో సందు ఉండదు. ఫిడిల్ వాయించేవాడికి బాధ లేదు. ఊలన్ పైప్స్ వాయించేవాడికీ లేదు, వాళ్ళు నోటితో ఊదరు, మోచేతి కింద తిత్తి నొక్కుతారు. ఫ్లూట్ వాడికే గాలి కావాలి. కాబట్టి పాటలోంచి ఒక స్వరాన్ని తీసేసి ఆ ఖాళీలో ఊపిరి పీల్చుకోవాలి. ఏ స్వరం తీసేస్తావన్నదే నీ శైలి. తీసేసినచోట లయ తూలకూడదు సరికదా, అక్కడే ఊపు పుట్టాలి. మన దగ్గర సాహిత్యం విరిగేచోట శ్వాస తీసుకోవడం నేర్పుతారు కదా, నాకు ఆ అలవాటు పోవడానికే ఆర్నెల్లు పట్టింది.

ఇంకోటి, గమకాలు. ఇక్కడ 'రోల్' అని ఒకటుంది. స్వరం పట్టి, పైవేలు ఒక్క క్షణం ఎత్తి, మళ్ళీ స్వరం, కిందివేలితో ఒక్క తట్టు, మళ్ళీ స్వరం. ఆ తట్టు నాకు సులువుగా వచ్చింది, ఎందుకంటే జంట స్వరాల్లో రెండోదాన్ని కింది స్వరం నుంచి తాకి పలికించే స్ఫురితం చిన్నప్పుడే వేళ్ళలో పడింది. రానిది 'క్రాన్'. అది పైప్స్ వాళ్ళ విద్య. రంధ్రాలన్నీ మూసి అన్నిటికన్నా కిందున్న స్వరం పడితే, తట్టడానికి ఇంక కింద వేలేది? అందుకని పైవేళ్ళని ఒకదాని తర్వాత ఒకటి టకటకా ఎత్తి ఆ స్వరాన్ని గిలకకొట్టినట్టు పలికిస్తారు. పైప్స్‌లో ఉండే ఇలాంటి పనితనాన్నంతా ఫ్లూట్‌లోకి ఇంత నిండుగా దింపింది మలాయ్. ఆ రికార్డుల్లో ఫ్లూట్ వింటుంటే వెనక పైప్స్ నీడ కనపడుతుంది.

ఆయనకి మాయో కౌంటీలోని వెస్ట్‌పోర్ట్‌లో, బ్రిడ్జ్ స్ట్రీట్‌లో పబ్బు ఉంది. పేరు ఆయన పేరే. డబ్లిన్ నుంచి రైల్లో మూడు గంటల పైచిలుకు. ఇప్పటికి మూడుసార్లు వెళ్ళాను. ఆయన ఒక్కసారీ కనపడలేదు, అదృష్టం లేదంతే.

మొదటిసారి వెళ్ళినప్పుడు తెలివితక్కువగా నా పాత వేణువు సంచిలో పెట్టుకెళ్ళాను. వెనక గదిలో ఒక బల్ల చుట్టూ ఆరుగురు కూర్చుని వాయిస్తున్నారు. స్టేజీ లేదు, మైకు లేదు. బల్ల మీద సగం తాగిన గిన్నెస్ గ్లాసులు, వాటి మధ్య ఫిడిల్ కమాను. గోడల నిండా ఫొటోలు. అరవై దాటిన ఒక పెద్దాయన నా సంచిలోంచి బయటికొచ్చిన వెదురు చూసి "ఏదీ, ఊదు" అన్నాడు. నాదేమో ఐదున్నర శ్రుతి, అంటే పాశ్చాత్య లెక్కలో జి కన్నా అర స్వరం పైన. వాళ్ళ పాటలు ఎక్కువగా డి శ్రుతిలోనో జి శ్రుతిలోనో ఉంటాయి. వాళ్ళతో కలిసి ఊదానా, సరిగ్గా అర స్వరం పైన, బండి చక్రం కీచుమన్నట్టు. ఎవరూ నవ్వలేదు. అది ఇంకా ఘోరం. పాట అయ్యాక ఆ పెద్దాయన "ఒక్కడివే వాయించు" అని అందరినీ ఆపాడు. మోహనంలో వరవీణ వాయించాను, అంతకన్నా ఏదీ పూర్తిగా గుర్తులేదు. రెండోసారి వాయించేసరికి ఫిడిల్ అమ్మాయి అర స్వరం పైకి జరిగి మెల్లగా నా వెంట వచ్చేసింది. తర్వాత మాటల్లో తెలిసింది, ఆ పెద్దాయన ప్లంబరు. ఆ అమ్మాయి నర్సు, తెల్లారి డ్యూటీ ఉందని పదకొండుకి లేచి వెళ్ళిపోయింది.

అంచేత, ఫ్లూట్ మీదే బతుకుతారా అంటే కొద్దిమందే. ఆ కొద్దిమందీ కూడా కచేరీలకి పాఠాలు కలుపుకుంటారు. సంప్రదాయ సంగీతం కోసం 1951లో పెట్టిన కోల్టస్ సంస్థకి ఊరూరా తరగతులున్నాయి. క్లేర్ కౌంటీలో జులై మొదట్లో పైప్స్ విద్వాంసుడు విల్లీ క్లాన్సీ పేరున వారం రోజుల బడి 1973 నుంచి జరుగుతోంది. లిమరిక్ విశ్వవిద్యాలయంలో ఈ సంగీతంలో డిగ్రీయే చేయొచ్చు. మలాయ్ తరానికి ఇవన్నీ ఇంతగా లేవు.

మీరు నేర్చుకోవాలనుకుంటే ఒక్క మాట: ఆన్‌లైన్‌లో చవక చెక్క ఫ్లూట్లు కొనకండి. నేను 90 యూరోలు పెట్టి ఒకటి కొన్నాను. మా టీచరు దాన్ని ఒకసారి ఊది, తుడిచి, "దీపం స్టాండుకి బావుంటుంది" అని తిరిగిచ్చింది. ముందు ప్లాస్టిక్‌ది మంచిది కొనుక్కోండి, చలికాలంలో హీటరుకి పగలదు కూడా.

వెస్ట్‌పోర్ట్ నుంచి వచ్చాక రాజమండ్రిలో మా మాస్టారికి ఫోన్ చేశాను. ఆయన పోస్టాఫీసులో పనిచేసి రిటైరయ్యారు, నలభై ఏళ్ళు సాయంత్రాలే పాఠాలు చెప్పారు. మలాయ్ గురించి, విమానాల గురించి, అగ్నిమాపక మెకెన్నా గురించి గంటసేపు చెప్పాను. అంతా విని, "ఒరే, ఆ ఫ్లూట్‌కి రంధ్రాలెన్ని?" అన్నారు.

"ఆరండీ."

"మరి మిగతా రెండూ ఏం చేశార్రా?"