ఉత్తరంలో విమానాల పెట్రోలు మాట ఉందా?

ప్రశ్న: మాది విశాఖపట్నం కంచరపాలెం బర్మా క్యాంప్. మా తాతగారి కుటుంబం 1964లో రంగూన్ నుంచి ఓడెక్కి వచ్చేసింది. అక్కడ సైన్యం సొంత ఊళ్ల మీదే బాంబులు వేస్తుంటే చూడలేక, మా వీధిలో నలభై మందిమి సంతకాలు పెట్టి ఆగ్నేయాసియా దేశాల కూటమి ఆసియాన్‌కు ఉత్తరం రాశాం, 'ఈ హింసను ఖండించండి, జనాన్ని కాపాడండి' అని. మా అబ్బాయి పోస్టు ఖర్చు దండగ అంటున్నాడు. మీరేమంటారు?
- ఒక పాఠకురాలు

జవాబు: ఇంకా పోస్టు చెయ్యకపోతే ఆగండమ్మా. మానెయ్యమని కాదు, తిరగరాయమని.

మా అమ్మమ్మ పుట్టిందీ అక్కడే. ఆవిడ చివరిదాకా 'రంగం' అనే అంది, రంగూన్ అనలేదు. బర్మావాళ్లు మనవాళ్లని 'కొరంగీ'లు అనేవారట. కాకినాడ దగ్గర కోరంగి రేవు నుంచి వెళ్లినందుకు వచ్చిన పేరది. 2021 ఫిబ్రవరిలో సైన్యం అధికారం లాక్కున్నాక, రంగూన్ జనం రాత్రి ఎనిమిదింటికి బాల్కనీల్లో నిలబడి గిన్నెలు, మూకుళ్లు వాయించడం టీవీలో చూశాను. ఇంట్లో చేరిన దయ్యాన్ని తరమడానికి అక్కడ అలా వాయిస్తారు. అమ్మమ్మ ఉంటే చప్పుడు వినగానే పోల్చుకునేది.

సరే, మీ ఉత్తరం సంగతి. 'ఖండించండి' అని అడిగితే ఆసియాన్‌కు అంతకన్నా సుఖం లేదు, ఎందుకంటే ఆ పని ఎప్పుడో చేసేశారు. 2021 ఏప్రిల్ 24న జకార్తాలో సైన్యాధిపతి మిన్ ఆంగ్ లైంగ్‌ను కూడా కూర్చోబెట్టుకుని ఐదు అంశాలు రాసుకున్నారు. హింస తక్షణం ఆగాలన్నదే మొదటిది. కొద్ది రోజులకే సైన్యం, దేశంలో పరిస్థితి చక్కబడ్డాక ఆలోచిస్తాం అనేసింది. రెండేళ్ల తర్వాత, 2023 ఏప్రిల్ 11న, సగాయింగ్ ప్రాంతంలో పజీజీ అనే పల్లెలో జనం పోగైన చోట విమానంలోంచి బాంబు వేశారు. వందమందికి పైగా పోయారు, పిల్లలతో సహా.

ఆసియాన్ చార్టర్‌లోనే తిరకాసు ఉంది. సభ్యదేశం ఇంటి వ్యవహారాల్లో వేలు పెట్టకూడదు, ఏ నిర్ణయమైనా అందరూ ఒప్పుకోవాలి. అపార్ట్‌మెంట్‌లో ఒకడు పెళ్లాన్ని చావబాదుతుంటే, వాడి ఫ్లాట్ సంతకం కూడా పడితేగానీ తీర్మానం చెల్లదన్నట్టు! ఆఫ్రికన్ యూనియన్ మాత్రం, మారణహోమం, యుద్ధ నేరాల్లాంటివి జరిగితే సభ్యదేశంలో జోక్యం చేసుకునే హక్కు ఉందని తన స్థాపక చట్టంలోనే రాసుకుంది. పశ్చిమాఫ్రికా దేశాల కూటమి ఎకోవాస్ అయితే, ఎన్నికల్లో ఓడి కూడా కుర్చీ దిగనన్న యాహ్యా జామ్మే మీదికి 2017 జనవరిలో గాంబియాకు సైన్యాన్నే పంపింది. రెండు రోజుల్లో ఆయన దేశం వదిలాడు. అయితే గాంబియా చిటికెడు దేశం, బర్మా సంగతి వేరు. పైగా ఆసియాన్‌కు సైన్యం లేదు.

కాబట్టి వాళ్ల చేతిలో ఉన్నదే ఆపమని అడగండి: సైన్యం కొనుగోళ్లకు డబ్బు చేరవేసే బ్యాంకులు, బాంబులు వేసే విమానాల పెట్రోలు. ఇది నా ఊహ కాదు. ఆసియాన్‌లోనే ఉన్న సింగపూర్‌లోని కంపెనీల నుంచి బర్మా సైన్యానికి ఆయుధాలు, విడిభాగాలు వెళ్తున్నాయని అప్పట్లో ఐక్యరాజ్యసమితి తరఫున అక్కడి మానవ హక్కులను పరిశీలించిన టామ్ ఆండ్రూస్ 2023లో లెక్కలతో బయటపెట్టారు. సింగపూర్ విచారణ మొదలుపెట్టింది. ఏడాదిలో ఆ సరుకు విలువ సుమారు 11 కోట్ల డాలర్ల నుంచి కోటి డాలర్లకు పడిపోయింది. అదే ఏడాది థాయ్‌లాండ్ బ్యాంకుల మీదుగా జరిగిన కొనుగోళ్లు మాత్రం రెట్టింపయ్యాయి. అంటే బ్యాంకాక్ పేరు మీ ఉత్తరంలో ఉండి తీరాలి.

ఒక నకలు ఢిల్లీకీ పంపండి. ఆ 2023 లెక్కలోనే, మన దేశం నుంచి, ప్రభుత్వరంగ సంస్థలతో సహా, వెళ్లిన సరుకు 5.1 కోట్ల డాలర్లని ఉంది. ఇది రాయడానికి నాకూ సిగ్గుగానే ఉంది.

మనీలాకు కూడా పంపండి. 2026లో ఆసియాన్ అధ్యక్ష స్థానం నిజానికి మయన్మార్, అంటే మన బర్మా, వంతు. దాన్ని తప్పించి ఫిలిప్పీన్స్‌కు ఇచ్చారు. గట్టిగా నిలబడితే ఆ మాత్రం చెయ్యగలరన్నమాట.

తాతగారు ఓడ దిగిన కథ మొదటి పేరాలో పెట్టండి, రెండే వాక్యాల్లో. బ్యాంకుల లెక్కల పేరా మీ అబ్బాయి చేత రాయించండి. ఆ తర్వాత పోస్టు ఖర్చు గురించి ఏమన్నాడో నాకో కార్డు ముక్క రాయండి.